సంతకం పైన పద్దెనిమిది లైన్లు

కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద తొమ్మిది టైపు మిషన్లు వరసగా ఉండేవి. గేటు వైపు నుంచి మూడోది టకటకమ్మది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకు లేకపోలేదు. కాని అది దస్తావేజుల్లో పడి ఉండేది, బయటికి వచ్చేది కాదు. ఇరవై నాలుగేళ్లుగా ప్లీడర్లకూ, గుమాస్తాలకూ, టీ తెచ్చే ఆయనకూ, ఆఖరికి కట్టుకున్న మొగుడికి కూడా ఆవిడ టకటకమ్మే.

పార్టీ వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుని తన గోడు చెప్పుకుంటుంటే, ఆవిడ ఆ ముఖంలోకే చూస్తూ కొట్టుకుపోయేది. పార్టీ ఏడిస్తే కళ్లతోనే ఓదార్చేది గాని వేళ్లు మాత్రం ఆగేవి కావు. పని చేయించుకుంటూనే మనిషి పుట్టుపూర్వోత్తరాలు లాగేసేది కూడా. ఎవరి అల్లుడు ఇల్లు వదిలి పోయాడో, ఏ ప్లీడరు గారికి షుగరు ఎంత ఉందో ఆవిడకు తెలియనిది లేదు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఏమిటో ఆవిడకే ఒకనాడు నెత్తిన పిడుగు పడ్డట్టు తెలిసింది. ఇది ఆ కథే.

ప్లీడర్ల గుమాస్తాలకు ఒక అలవాటు ఉంది. కేసు మొదలుపెట్టిన రోజున పార్టీ చేత వకాల్తా మీద సంతకం పెట్టించి, పనిలో పనిగా మూడు నాలుగు తెల్లకాగితాల అడుగున కూడా పెట్టించుకుంటారు. “ఊరికే మిమ్మల్ని తిప్పడం దేనికండీ, అవసరానికి ఉంటాయి” అంటారు. పార్టీలకు అది దయలాగే కనిపిస్తుంది. ఒక పూట పని మానుకోనక్కర్లేదు, బస్సు ఎక్కనక్కర్లేదు. సంతకాలతో పాటు ఒక నమస్కారం కూడా పెట్టి వెళ్లిపోతారు. ఎప్పుడో ఒక మెమో దాఖలు చెయ్యాల్సి వచ్చినప్పుడు కట్టలోంచి ఆ కాగితం బయటికి వస్తుంది. అప్పుడు సంతకానికి పైనున్న ఖాళీలో మేటరంతా కుదించి కొట్టాలి. జాగా మిగిలితే జడ్జిగారికి అనుమానం వస్తుంది. జాగా చాలకపోతే అక్షరాలు సంతకం నెత్తికెక్కుతాయి. షెడ్డులో దీన్ని సర్దుడు పని అనేవాళ్లు.

సర్దుడు పనిలో టకటకమ్మను మించినవాళ్లు లేరు. కాగితాన్ని రోలరుకు ఎక్కించి, మీట నొక్కుతూ టిక్కులు లెక్కపెట్టేది. సంతకం పైకి వచ్చేసరికి ఎన్ని టిక్కులైతే అన్ని లైన్లు జాగా ఉన్నట్టు. మళ్లీ కాగితాన్ని మొదటికి తిప్పి, అంచు ఒక పిసరు జరిపి, మాటల మధ్య ఎడం చూసుకుని కొట్టేదంటే, సంతకం ఆ రాత కోసమే పుట్టినట్టు కుదిరేది. చివరి మిషను మీద కూర్చునే సోడాబుడ్డి అద్దాల పెద్దాయన తనకు కుదరని కాగితాలన్నీ ఆవిడ దగ్గరికే పట్టుకొచ్చేవాడు. ఆవిడ ఆయన్ను బాబాయ్ అనేది. “నీ వేళ్లకు కళ్లున్నాయే అమ్మాయ్” అనేవాడాయన. ఆవిడకు అది బాగుండేది. పొగడ్త ఎవరికి చేదు?

ఇక ఆవిడ ఇంటి సంగతి. తండ్రి కట్టిన ఇల్లు ఇద్దరు పిల్లలకూ పంచాడు. వీధి వైపు భాగం, అందులోని చెప్పుల కొట్టుతో సహా అన్నకు. వెనక రెండు గదులూ, చిన్న వసారా టకటకమ్మకు. వెనకనుంచి వీధిలోకి రావడానికి ఇంటి పక్కనే ఒక సందు. దాని వెడల్పు నాలుగడుగుల ఐదంగుళాలు. అంగుళాలతో సహా ఎందుకు చెప్పడమంటే, ఆవిడ మొగుడు తిరిగే మూడు చక్రాల బండి వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డ మనిషి. చేతులు మాత్రం బంగారం. వీధి చివర ఆయనకు గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. పొద్దున తొమ్మిదింటికి చేతులతో పెడలు తిప్పుకుంటూ సందులోంచి బయటికి వచ్చేవాడు, సాయంత్రం ఏడింటికి అదే దారిన లోపలికి పోయేవాడు. ఒకరు తొయ్యాలని గాని, ఎత్తాలని గాని ఆయన ఎవరినీ అడిగి ఎరగడు.

పక్క స్థలాన్ని టైర్ల షాపాయన కొన్నాక గొడవ మొదలైంది. సందు తన స్థలంలోదే అన్నాడు. కింది కోర్టులో ఏదో పాత ప్లాను చూపించాడు, అందులో గీత ఆయన వైపుకు పడింది. కేసు ఓడిపోయారు. అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి పై కోర్టులో అప్పీలు వేశారు. అప్పీలు తేలేదాకా సందు జోలికి ఎవరూ పోకూడదని ఆ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మీదే ఐదేళ్లుగా బండి నడుస్తోంది.

వాయిదాలన్నీ అన్నే చూసుకునేవాడు. “నువ్వు పని పాడుచేసుకోవడం దేనికి అమ్మడూ, నేనున్నాగా” అనేవాడు. షెడ్డులోంచి కోర్టు హాలుకు యాభై అడుగులు లేదు. అయినా ఆవిడ సరేనంది. సొంత అన్న కదా. అప్పీలు వేసిన రోజున గుమాస్తా ముందుకు తోసిన నాలుగు తెల్లకాగితాల మీద కూడా అలాగే సరేనని సంతకం పెట్టింది. రోజూ ఆ పనే చూసే మనిషికి అందులో వింత ఏం కనిపిస్తుంది?

ఆ రోజు సోమవారం. షెడ్డు కిటకిటలాడుతోంది. పదకొండున్నరకు సోడాబుడ్డి బాబాయ్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. దానిమీద చేత్తో రాసిన డ్రాఫ్టు పిన్ను చేసి ఉంది.

“అమ్మాయ్, ఇది నా వల్ల కాదు. డ్రాఫ్టు చూస్తే ఇరవై మూడు లైన్లుంది. జాగా చూస్తే బెత్తెడు. భోజనాలయ్యాక కోర్టులో పెట్టాలట, గుమాస్తా నా ప్రాణం తీస్తున్నాడు.”

“ఏ గుమాస్తా?”

“ఆ చింకి సంచీ గుమాస్తా. మీ ప్లీడరు గారి దగ్గర చేస్తాడే.”

“ఆయన నా ముందునుంచే కదా పోయాడు. నాకివ్వకుండా అంత దూరం నీ దగ్గరికెందుకు తెచ్చాడు?”

“నువ్వు బిజీగా ఉన్నావన్నాడు.”

“నేనెప్పుడు ఖాళీగా ఉన్నాను గనక” అంటూ ఆవిడ పిన్ను తీసి, డ్రాఫ్టు పక్కన పెట్టి, అలవాటు చొప్పున కాగితాన్ని రోలరుకు ఎక్కించింది. బాబాయ్‌తో మాట్లాడుతూనే మీట నొక్కుతూ లెక్కపెట్టింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. పద్దెనిమిదో టిక్కు తరవాత సంతకం పైకి వచ్చింది.

సంతకం ఆవిడదే.

ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. చివర తోక ఎడమకు తిప్పడం తన అలవాటే. ఆ రోజు గుమాస్తా ఇచ్చిన కలం పాళీ గీరుకుందని రెండో అక్షరం మళ్లీ దిద్దింది కూడా. ఆ దిద్దుబాటు అలాగే ఉంది.

అప్పుడు డ్రాఫ్టు తీసి చదివింది. పేర్లు రాసిన పై కాగితం గుమాస్తా తన దగ్గరే ఉంచుకున్నట్టున్నాడు. కాని అప్పీలు నంబరు ఉంది. ఆ నంబరు ఆవిడకు ఇంటి నంబరు కన్నా బాగా గుర్తు. “అప్పీలుదారులిద్దరూ ఇష్టపూర్వకంగా రెస్పాండెంటుతో కోర్టు బయట రాజీపడినందున” అని మొదలైంది. సందులో వీధి వైపు పదడుగులు ఒకటో అప్పీలుదారు కొట్టు పెంచుకోవడానికి, మిగిలినదంతా రెస్పాండెంటుకు. రెండో అప్పీలుదారు రాకపోకలు ఒకటో అప్పీలుదారు ఇంటి లోపలినుంచి. “కావున అప్పీలును కొట్టివేయవలసిందిగా ప్రార్థన.”

ఒకటో అప్పీలుదారు అన్న, రెండో అప్పీలుదారు తాను, రెస్పాండెంటు టైర్ల షాపాయన. అంటే సందు నోరు మూసేది టైర్ల షాపాయన గోడ కాదు, అన్న చెప్పుల కొట్టు.

“ఏమైంది అమ్మాయ్, ముఖం అలా పెట్టావు?”

“బాబాయ్, ఈ సంతకం ఎవరిదో చూశావా?”

“సంతకాలు మనమెందుకు చూస్తాం? జాగా చూస్తాం గాని.”

ఆ మాటకు ఆవిడకు ఒళ్లు భగ్గుమంది. కాని బాబాయ్‌ను ఏమనగలదు? ఇరవై నాలుగేళ్లలో తానూ అంతే. వచ్చినవాళ్ల ఇంటి సంగతులన్నీ కూపీ లాగింది గాని, సర్దుడు కాగితం మీద సంతకం పెట్టిన మనిషికి పైనున్న రాత తెలుసా అని ఒక్కనాడూ అడగలేదు. వాళ్లెవరూ ఎదురుగా స్టూలు మీద ఉండరు కదా. ఎన్ని పొలాలు, ఎన్ని వాటాలు, ఎన్ని అప్పీళ్లు తన వేళ్ల కింద చక్కగా సర్దుకుని పోయాయో. ఆ ఆలోచన రావడంతోనే ఆవిడకు తన చేతులంటేనే అసహ్యం వేసింది. కోపం ముందు తన మీదికే వచ్చింది. ఆ తరవాత మిగతావాళ్ల వంతు.

గుమాస్తా వంతు మొదట వచ్చింది. కాగితం అయిందేమో చూద్దామని చివరి మిషను దగ్గరికి పోయి, అది ఎక్కడికి పోయిందో తెలిసి, ముఖం పాలిపోయి ఇటు వచ్చాడు.

“అక్కా, ఆ కాగితం ఇటిచ్చెయ్యి. పొరపాటున వచ్చింది.”

“పొరపాటున వచ్చింది నా దగ్గరికా, నా సంతకం దానిమీదికా?”

“అదేంటక్కా, నీకు తెలిసే కదా అంతా. మీ అన్నయ్యగారు నీతో మాట్లాడానన్నారు.”

“మరి తెలిసినదానికి పక్కనుంచి పిల్లిలా ఎందుకు పోయావు?”

గుమాస్తా సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. “నీ సొంత కేసు కదా, నీ చేతనే కొట్టించడం బాగుండదని.”

“బాగుండదు. బాగా చెప్పావు. వాయిదా వచ్చే నెల కదా, ఇవాళ ఎలా వచ్చింది?”

“రాజీ కదా అని ముందుకు జరిపించాం.”

“ఎవరు జరిపించారు?”

“ప్లీడరు గారు. ఆయనకు మీ అన్నయ్యగారు చెప్పారు. ఆయన నాకు చెప్పారు. నాదేముందక్కా ఇందులో, నేను మోసేవాణ్ణి.”

“మోసేవాడివైతే కాస్త ఆగు, నీ సంచీ బరువు కాస్త తగ్గిస్తాను. నా సంతకాలు ఇంకా మూడుండాలి. ఎక్కడున్నాయి?”

“కట్టలో ఉన్నాయి.”

“కట్ట?”

“సంచీలో.”

ఆవిడ చెయ్యి చాచింది. షెడ్డులో మిగిలిన ఎనిమిది మిషన్లూ ఆగిపోయాయి. ఇంతమంది చూస్తుంటే గుమాస్తా ఏం చేస్తాడు? కట్ట విప్పి మూడు కాగితాలూ ఇచ్చాడు. ఆవిడ వాటిని అక్కడే, సంతకం దగ్గర అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించి బుట్టలో పడేసింది. నాలుగోదాన్ని మిషనులోంచి తీసి, జాగ్రత్తగా జాకెట్టులో దోపుకుని లేచింది.

అన్న ఎక్కడుంటాడో వెతకనక్కర్లేదు. కోర్టు క్యాంటీనులో ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టైర్ల షాపాయన. ఐదేళ్లు ఒకరినొకరు చూస్తే ముఖం తిప్పుకున్నవాళ్లు, ఒకే ప్లేటులోని బిస్కెట్లు తింటున్నారు.

చెల్లెల్ని చూసి అన్న ముందు తడబడి, తరవాత నవ్వాడు. “అమ్మడూ, రా, కూర్చో. టీ తాగుతావా?”

“టీ తరవాత. నా సంతకం ఎవర్నడిగి తీశావు?”

“ఎవర్నో అడగడమేమిటి? నువ్వే కదా పెట్టావు.”

“పెట్టింది అప్పీలు నడపడానికి. దాని పీక పిసకడానికి కాదు.”

“మెల్లిగా మాట్లాడు, నలుగురూ చూస్తున్నారు.”

“చూడనీ. నువ్వు నలుగురూ చూడకుండా చేసిన పనే కదా ఇది.”

టైర్ల షాపాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “చూడమ్మా, కోర్టులో ఓడితే మీకు అసలేమీ దక్కదు. ఇప్పుడైతే మీ అన్నయ్యకు పదడుగులైనా…”

“మీరు మీ పని చూసుకోండి. మీరు ఐదేళ్లుగా ఎదురుగా నిలబడి కొట్టారు, మీ మీద నాకు ఇంత కోపం లేదు. ఇది పక్కన నిలబడ్డవాడి సంగతి.”

అన్నకు రోషం వచ్చింది. “ఏం చేశాను నేను? నీకు దారి లేకుండా చేశానా? మా వంటింట్లోంచి రా, పో. ఎవరొద్దన్నారు? మీ వదినతో కూడా మాట్లాడాను.”

“ఏమంది వదిన?”

“ఏమంటుంది, సరేనంది.”

“ఊరికే సరేనందా?”

అన్న టీ గ్లాసు తిప్పాడు. “పొద్దున పదింటి లోపు, సాయంత్రం ఐదు దాటాక అయితే తనకు ఇబ్బంది లేదంది. మధ్యలో వంటిల్లు కడుక్కుంటుంది కదా.”

“ఓహో. నేను నా ఇంటికి పోవడానికి టైము టేబులు వేశారన్నమాట. మరి ఆయన బండి? మీ వంటింటి గుమ్మం రెండడుగుల నాలుగంగుళాలు. మూడు మెట్లు. బండి ఎక్కడినుంచి పోతుంది, మీ పొగగొట్టంలోంచా?”

“బండి వీధిలో పెట్టుకోవచ్చు. బావను నేనూ మా వాళ్లూ పట్టి ఎత్తి దింపుతాం. బరువేముంది ఆయన, ఎముకల గూడు.”

టకటకమ్మ బిస్కెట్ల ప్లేటును పక్కకు నెట్టింది.

“ఎత్తుతావు” అంది. “ఇవాళ ఎత్తుతావు. నీకు నడుం పట్టేసిన రోజున? నువ్వు ఊళ్లో లేని రోజున? వదిన గడియ వేసుకుని పడుకున్న రోజున? ఆయన గడియారాలు బాగుచేసేవాడు అన్నయ్యా. ఆయనే గడియారం కాదు, నువ్వు ఎత్తినప్పుడు లేచి, పెట్టినచోట కూర్చోడానికి. యాభై ఐదేళ్లుగా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగిన మనిషిని, నీ కొట్టుకు రెండో షట్టరు కోసం మూటను చేస్తావా?”

“నా కొట్టు పెరిగితే నీకు మంచిది కాదా? అప్పీలు ఓడిపోతే ఇద్దరం పోతాం. ప్లీడరు గారే అన్నారు, గెలుపు కష్టమని.”

“ఓడితే ఓడినట్టు ఉంటుంది. అమ్మితే అమ్మినట్టు ఉంటుంది. అది నాకు చెప్పి అడగడానికి నీకు నోరు రాలేదే.”

“అడిగితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోనని తెలుసుగా. అందుకే కదా తెల్లకాగితం వెతుక్కున్నావు.”

ఇక అక్కడ ఉండలేదు. వెనకనుంచి అన్న “చెల్లీ, ఆగు” అంటూనే ఉన్నాడు. టైర్ల షాపాయన మాత్రం ఆయన్ను కూర్చోమని చెయ్యి పట్టి లాగాడు.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. సోడాబుడ్డి బాబాయ్ ఆవిడ స్టూలు మీద ఇంకో పార్టీని కూర్చోనివ్వకుండా కాపలా కాశాడు. ఆవిడ జాకెట్టులోంచి కాగితం తీసి, మడతలు అరచేత్తో సాపు చేసి, మళ్లీ రోలరుకు ఎక్కించింది. డ్రాఫ్టు రాసుకోలేదు. ఎదుట ఎవరూ చెప్పేవాళ్లు లేరు. జీవితంలో మొదటిసారి తన మాట తానే కొట్టుకుంది.

“ఈ అప్పీలులో రెండో అప్పీలుదారును నేను. నేను ఎవరితోనూ రాజీపడలేదు. అప్పీలు కొట్టివేయమని ఎవరికీ చెప్పలేదు, చెప్పించలేదు. ఈ కాగితం కిందున్న సంతకం ఐదేళ్ల క్రితం తెల్లకాగితం మీద పెట్టినది. పైనున్న రాతను ఈ రోజు నేనే నా చేత్తో కొట్టాను. ఒకటో అప్పీలుదారుకు నా తరఫున మాట్లాడే హక్కు లేదు. నేను ఇచ్చిన వకాల్తాను రద్దు చేసుకుంటున్నాను. వివాదంలో ఉన్న సందు తప్ప నా ఇంటికి, నా భర్త బండికి వేరే దారి లేదు. నా అప్పీలును విని తీర్పు చెప్పవలసిందిగా ప్రార్థన.”

సరిగ్గా పద్దెనిమిది లైన్లు. బాబాయ్ చదివి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “ఇదేం ధోరణి అమ్మాయ్, ఇలా ఎవరూ రాయరే. సదరు అనీ, మహారాజశ్రీ అనీ ఎక్కడా లేదు.”

“జాగా లేదు బాబాయ్” అంది ఆవిడ.

రెండున్నరకు హాల్లో అప్పీలు పిలిచారు. జడ్జిగారికి జలుబు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే వింటున్నారు. ప్లీడరు గారు లేచి, పార్టీల మధ్య రాజీ కుదిరిందనీ, అప్పీలు కొట్టివేయవచ్చుననీ మొదలుపెట్టారు. ఆయన వెనక గుమాస్తా ఆయన కోటు లాగుతున్నాడు. పాపం ఆ గుమాస్తా క్యాంటీనుకూ, ప్లీడర్ల గదికీ పరుగులు పెట్టినా, ప్లీడరు గారు భోజనం నుంచి తిన్నగా హాల్లోకి రావడంతో సంగతి చెప్పేలోపు పిలుపు వచ్చేసింది.

“మెమో ఏదండీ?” అన్నారు జడ్జిగారు.

ప్లీడరు గారు గుమాస్తా వంక చూశారు. గుమాస్తా నేల వంక చూశాడు.

“నా దగ్గరుందండి” అంది టకటకమ్మ వెనక బెంచీ దగ్గర లేచి.

రోజూ ఆవిడ కొట్టిన కాగితాలు చదివే జడ్జిగారికి ఆవిడ ఎవరో తెలియదు. బెంచి క్లర్కుకు తెలుసు. ఆయన గబగబా వచ్చి కాగితం అందుకుని పైకి ఇచ్చాడు. జడ్జిగారు చదివారు. రుమాలు కిందపెట్టి మరోసారి చదివారు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి.”

“రాత?”

“అదీ నాదేనండి. రెండూ ఒకరివే కావడం ఇలాంటి కాగితానికి ఇదే మొదలు. ఇంకాసేపైతే సంతకం నాది, రాత వాళ్లది అయ్యేది.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు నవ్వలేదు. ప్లీడరు గారి వైపు తిరిగారు. “మీ క్లయింటును అడగకుండానే రాజీ అన్నారా?”

“అన్నగారు చెప్పారండి, చెల్లెలు గారి ఇష్టం కూడా అదేనని. కుటుంబం కదా అని…”

“అప్పీలులో ఇద్దరున్నారు. కుటుంబం అని మూడో మనిషి లేదు.”

అన్నను పిలిచారు. రాజీ మీకు ఇష్టమేనా అని అడిగారు. ఆయన చెల్లెలి వంక చూడకుండా ఇష్టమేనన్నాడు. ఆ మాట అంటాడని టకటకమ్మ అనుకోలేదు. ఈ చివరి గడియలో అయినా వెనక్కి తగ్గుతాడని, పోనీలే చెల్లి ఎలాగంటే అలాగే అంటాడని ఏ మూలనో ఒక ఆశ ఉండింది. అది అక్కడే, బోను పక్కన, బల్లలూ కుర్చీల మధ్య చచ్చిపోయింది.

జడ్జిగారు చెప్పింది ఇదీ. అన్న తప్పుకుంటానంటే తప్పుకోవచ్చు. ఆయనతో పాటు ఆవిడ అప్పీలును కొట్టివేయడం కుదరదు. ఆవిడ ఒక్కతే అప్పీలు నడుపుతుంది. అన్న ఇక ఆవిడ పక్షం కాదు గనక ఆయన పేరును తీసి టైర్ల షాపాయన పక్కన చేర్చాలి. అలా సవరించిన కాగితాలు వారంలోగా దాఖలు చెయ్యాలి. అవతలి ప్లీడరు లేచి, అలాగైతే సందు మీదున్న ఉత్తర్వు ఎత్తివేయాలన్నాడు. ఉత్తర్వు ఉన్నట్టే ఉంటుందన్నారు. తెల్లకాగితం సంగతి మీద ప్లీడరు గారిని రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు.

“మీకు ప్లీడరు ఎవరు?” అని ఆవిడను అడిగారు.

“ఇవాళ్టికి ఎవరూ లేరండి. వెతుక్కుంటాను. చదివి వినిపించేవాళ్లు దొరికితే.”

బయట వరండాలో అన్న దారికి అడ్డం వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“సొంత అన్నను అవతలి పార్టీని చేశావు. తృప్తిగా ఉందా?”

“నేను చెయ్యలేదు. నువ్వు వెళ్లి ఆ బల్ల దగ్గర కూర్చున్నావు. జడ్జిగారు కుర్చీ వేశారంతే.”

“నాన్న ఉంటే…”

“నాన్న పేరు తియ్యకు. తీశావంటే ఇక్కడే అరుస్తాను.”

ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. ఆయన కంటికి పెట్టుకున్న చిన్న భూతద్దం తియ్యకుండానే అంతా విన్నాడు. విన్నాక, “ఎముకల గూడు అన్నాడా?” అని అడిగాడు. అన్నాడంది. ఆయన గడియారం మూత బిగించి పక్కన పెట్టాడు. “నా బండి చూసి సైజు రాసుకుపోయాడు పోయిన నెల, కొత్తది చేయిస్తాడేమో అనుకున్నాను” అన్నాడు. ఇంకో గడియారం అందుకుని మూత విప్పాడు. ఆ మనిషి అరిచి ఉంటే ఆవిడ కోపం కాస్త చల్లారేదేమో. అరవకపోయేసరికి ఇద్దరి కోపమూ ఆవిడే మోసింది.

వారం రోజులూ వంటింటి కిటికీలోంచి వదిన వీధికంతా వినపడేలా మాట్లాడింది. “కోర్టులో నాలుగక్షరాలు కొట్టడం వస్తే చాలు, ఇంట్లోవాళ్లను బోనెక్కిస్తారు” అంది. టకటకమ్మ సందులో నిలబడి, “బోను విశాలంగానే ఉంటుంది వదినా, పది నుంచి ఐదు దాకా ఎవరైనా రావచ్చు” అంది. కిటికీ మూతపడింది.

షెడ్డులో కూడా గాలి మారింది. సర్దుడు కాగితం ఎవరు తెచ్చినా, సంతకం పెట్టిన మనిషిని తీసుకొస్తేనే కొడతానంది. గుమాస్తాలు గొణుక్కుంటూ ఇంకో మిషను చూసుకున్నారు. సగం పని పోయింది. బాబాయ్ మాత్రం రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు తానూ అలాంటి కాగితం వెనక్కి పంపాడు. కళ్లు కనపడటం లేదని సాకు చెప్పాడు, అది వేరే సంగతి.

ఆరో రోజున సవరించిన అప్పీలు కొట్టడానికి కూర్చుంది. కొత్తగా పెట్టుకున్న ప్లీడరమ్మ డ్రాఫ్టు ఇచ్చి, ముందు మొత్తం చదివి వినిపించి మరీ వెళ్లింది. బాబాయ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నేను కొడతాలే అమ్మాయ్. సొంత కేసు నీ చేత్తో ఎందుకు?”

“నా చేత్తోనే.”

పైన అప్పీలుదారుగా తన పేరు ఒక్కటే కొట్టింది. పక్కన తండ్రి పేరు. కింద రెస్పాండెంట్లు. ఒకటి, టైర్ల షాపాయన. రెండు, అన్న. ఆ పేరు పక్కన కూడా తండ్రి పేరు కొట్టాలి. అదే పేరు, అవే అక్షరాలు. నాన్న చనిపోయినప్పుడు ఆ పేరును ఇద్దరూ కలిసి రాయించారు, సమాధి రాయి మీద. ఇప్పుడు ఒకే కాగితం మీద పైన ఒకసారి, కింద ఒకసారి, మధ్యలో “వర్సెస్” అన్న మాట. ఆవిడ వేళ్లు ఎంత గట్టిగా పడ్డాయంటే, పేరులోని సున్నా దగ్గర కాగితానికి చిల్లి పడింది. వెనకున్న కార్బను కాపీలన్నిటికీ పడింది. మళ్లీ కొట్టలేదు. అలాగే తీసుకుని ఫైలింగ్ కౌంటరుకు వెళ్లింది.

కౌంటరులో క్లర్కు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. చిల్లిలోంచి ఆవిడను ఒకసారి చూశాడు కూడా.

“తండ్రి పేరు రెండు చోట్లా ఒకటే పడిందండి. తప్పు పోయిందేమో చూసుకోండి.”

“తప్పు కాదు” అంది టకటకమ్మ. “ముద్ర వెయ్యి.”